లేతపైరు - దేవదారు

కష్టాలు చుట్టుముట్టినప్పుడు ‘అల్లాహ్ నన్ను విడిచిపెట్టాడా?’ అనే సందేహం విశ్వాసికి కూడా కలగవచ్చు. సహీహ్ బుఖారీలో రోగులకు సంబంధించిన ప్రకరణంలోని ఒక హదీసు దీనికి సమాధానమిస్తుంది. అందులో దైవప్రవక్త (స) విశ్వాసిని లేతపైరుతో పోల్చారు. గాలి దాన్ని ఒకసారి వంచుతుంది, మరోసారి నిలబెడుతుంది. కపట విశ్వాసిని దేవదారు వృక్షంతో పోల్చారు. అది వంగదు, పెళ్లగిలితే ఒక్కసారే పెళ్లగిలిపోతుంది.

మూలంలోని ‘ఖామా’ అనే అరబీ పదానికి మృదువైన లేత మొలక అని అర్థం. దాన్ని ‘బలహీనమైన మొక్క’ అని అనువదిస్తే భావం చెడుతుంది. వంగడం పైరు లోపం కాదు, అదే దానికి రక్ష.

ఈ హదీసు ఉల్లేఖకులలో హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (రజి) ఒకరు. హిజ్రీ 9 (క్రీ.శ. 630)లో ఆయన తబూక్ దండయాత్రకు వెళ్లకుండా మదీనాలోనే ఉండిపోయారు. అలా ఉండిపోయిన 80 మందికి పైగా మనుషులు సాకులు చెప్పి, ఏ శిక్షా లేకుండా ఇళ్లకు వెళ్లిపోయారు. కాబ్ (రజి) మాత్రం నిజం ఒప్పుకున్నారు. ఫలితంగా 50 రోజులు ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. అయినా ఆయన మస్జిదుకు రావడం మానలేదు. చివరకు ఆయన పశ్చాత్తాపం స్వీకరించబడినట్లు తౌబా సూరా 118వ ఆయత్ అవతరించింది.

ఆ 50 రోజులూ వంగినవారెవరు? నిటారుగా నిలిచినవారెవరు? కష్టం దానంతటదే మనిషిని ఎదిగించదు. వంగిన ప్రతిసారీ అల్లాహ్ వైపుకు మరలడమే ఎదుగుదల.