పెద్దాపరేషనైన ఆవు మళ్లీ ఈనుతుందా?

‘పొట్ట కోసినంక ఆవు ఇంకేం చూడి కడుతది తాతా, పెబ్బేరు సంతకు తోలుడే’ అంటున్నావు. ఆగు బిడ్డా, తొందరేముంది?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఇప్పుడు ఏ పాలకేంద్రం దగ్గర నిలబడ్డా జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరాల మాటే. చిన్న నాటు పెయ్యకు చూడి కట్టడానికి పెద్ద జాతి వీర్యం సూది వేయిస్తే దూడ లావై కటి దారిలో పట్టదు. బర్రెలది ఇంకో తంటా, గర్భసంచి మెలిపడుతుంది. దొర్లించినా మెలి విడకపోతే కత్తి పట్టాల్సిందే.

ఆవుకు ఎడమ డొక్కలోనే ఎందుకు కోస్తారో తెలుసా? ఆ పక్కన మేత నిలవచేసుకునే పెద్దపొట్ట ఉంటుంది. అది తలుపులా అడ్డం నిలిచి పేగుల్ని బయటికి జారనివ్వదు. నిలబెట్టే, డొక్కకు మత్తుసూదులిచ్చి జానెడున్నర కోస్తారు. గర్భసంచిలో మాయ అంటుకునే బుడిపెలు వందదాకా ఉంటాయి, వాటిమీద కత్తి పడితే రక్తం ఓ పట్టాన ఆగదు. అందుకే వాటి నడుమ చోటు చూసుకుని కోస్తారు. అసలు పనితనం కుట్టులో ఉంది. అంచుల్ని లోపలికి మడిచి, దారం పైకి తేలకుండా కుట్టాలి. తేలితే పక్కనున్న పేగో పొట్టగోడో వచ్చి అతుక్కుంటుంది. అండం జారే గొట్టం ఆ అతుకుల్లో చిక్కిందా, ఎన్ని సూదులేసినా దండగే.

డాక్టరు ఎంత నేర్పరైనా, ఆయన రాకముందు మనం చేసిందాన్ని బట్టే చాలా ఉంటుంది. నీటిబుడ్డ పగిలి రెండు గంటలైనా దూడ ముందుకు రాకుంటే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ కొట్టాలి. మనోళ్లేమో నలుగురు తాడు కట్టి గుంజుతారు. ట్రాక్టరుకు కట్టిన పుణ్యాత్ముల సంగతీ విన్నా! దూడ లోపలే చచ్చి ఉబ్బినాక కోస్తే, ఆ కుళ్లునీరు పొట్టలో పడి ఆవుకు విషమెక్కుతుంది. దూడ బతికుండగా కోస్తే మాత్రం దాదాపు పదింట తొమ్మిది ఆవులు బతికి బట్టకడతాయి.

కోసిన ఆవుకు మాయ నిలిచిపోవడం ఎక్కువ. 12 గంటలైనా పడకపోతే డాక్టరుకు చెప్పు, చేయిపెట్టి పీకకు. మందులు వాడుతున్నన్నాళ్లు, ఆపాక డాక్టరు చెప్పినన్ని రోజులు పాలు కేంద్రానికి పోయొద్దు. మొదటి ఎదకే సూది వేయించకు. రెండు మూడు నెలలాగి, గర్భసంచి పరీక్ష చేయించాకే. మామూలుగా ఈనిన ఆవంత తేలిగ్గా చూడి నిలవదు, ఒకటి రెండు సూదులు ఎక్కువ పట్టొచ్చు. నిలిచినవాటిలో చాలామట్టుకు మళ్లీ కోత లేకుండానే ఈనుతాయి. ఈసారి మాత్రం చిన్న దూడలనిచ్చే జెర్సీ సూది అడిగి వేయించు.