మూడు నిమిషాల గట్టి ఊపిరి

"తలకి కరెంటు పెడతారా మేడం?" ఈఈజీ గదిలో టెక్నీషియన్‌గా నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న. పెట్టమమ్మా. మెదడులో పుట్టే కరెంటునే ఈ మిషను గీతలుగా గీస్తుంది.

మెదడు పైపొరలో వేలాది నాడీకణాలు ఒక్కసారిగా స్పందిస్తేనే ఆ వోల్టేజి బయటికి తెలుస్తుంది. పుర్రె దాటి చర్మం మీదికి వచ్చేసరికి మిగిలేది పదుల మైక్రోవోల్టులే. మైక్రోవోల్టంటే వోల్టులో పది లక్షలవ వంతు. అందుకే ముందురోజు తలంటుకోమంటాం, నూనె రాయొద్దంటాం. జిడ్డుంటే తలకి తీగలు అంటించే పేస్టు పట్టదు. రెప్ప కొట్టినా, పళ్లు బిగించినా ఆ కదలికల గీతలే మెదడు గీతల్ని మింగేస్తాయి.

కళ్లు మూసుకోమనగానే తల వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 అలలు వరుసకడతాయి. తెరిస్తే అణగిపోతాయి. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు అలల్ని నమోదు చేసి, 1929లో ప్రచురించారు. చాలామంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అనే శాస్త్రవేత్తలు అదే చేసి చూపించాక గాని ఆయన మాటకు విలువ రాలేదు.

నా మనసుకు ఎక్కువగా పట్టేది బడిపిల్లల సంగతి. "క్లాసులో పరధ్యానం, పిలిస్తే పలకదు" అంటూ తీసుకొస్తారు. మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలమంటాను. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, దాగున్న మూర్ఛ బయటపడే అవకాశముంది. ఉన్నట్టుండి పాప ఊదడం ఆపేస్తుంది, చూపు నిలిచిపోతుంది. తెర మీద అన్ని గీతల్లోనూ ఒకేసారి సూదిమొన, దాని వెంటే పెద్ద అల, సెకనుకు మూడు చొప్పున. ఆ సమయంలో "ఏనుగు" అని చెబుతాను. కొన్ని సెకన్లకు తేరుకున్నాక ఏమన్నానని అడిగితే పాపకి తెలియదు. ఆ క్షణాలకే బడిలో తిట్లు, దెబ్బలు తింటుంటే నాకు కడుపు రగిలిపోతుంది. అది జబ్బు, మందులున్నాయి.

అయితే రిపోర్టు నార్మల్ వచ్చిందని మూర్ఛ లేదనుకోకూడదు. మేం చూసేది ఏ అరగంటో. అంతమాత్రానికే సొంతంగా మాత్రలు ఆపేయకండి. ఇంట్లో ఫిట్స్ వస్తే ఒకరు పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయండి. ముఖం, రెండు చేతులూ కనబడాలి. కళ్లు తెరిచున్నాయా, మూసున్నాయా అన్నది డాక్టరు తప్పకుండా అడుగుతారు.