లీకును వినే యంత్రం, మ్యాన్‌హోల్‌లోకి దిగే మనిషి

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో గోదావరికి ఈ ఒడ్డున రామగుండం ఎన్టీపీసీ, ఆ ఒడ్డున జైపూర్‌లో సింగరేణి థర్మల్. రెండింటికీ ప్రాణం ట్యూబుల్లోనే ఉంది. బాయిలర్ ట్యూబుల్లో నీళ్లు ఆవిరవుతాయి. టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరి కండెన్సర్ ట్యూబుల మీద మళ్లీ నీళ్లవుతుంది.

500 మెగావాట్ల యూనిట్‌లో ఆవిరి పీడనం సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 170 కిలోల దాకా, వేడి 540 డిగ్రీల దాకా ఉంటుంది. అంత వేడి ఆవిరి బెజ్జం దగ్గర కంటికి కనిపించదు. మనకు కనిపించే తెల్లటి పొగ, ఆవిరి చల్లబడి నీటి తుంపర్లయ్యాక వచ్చేది. అందుకే పాతకాలం పనివాళ్లు ముందు చీపురు చాపి నడిచేవారు, చీపురు తెగితే అక్కడ లీకున్నట్టు. చేయి చాపితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

సన్నటి బెజ్జంలోంచి దూసుకొచ్చే ఆవిరి సుడులు తిరుగుతూ 20 కిలోహెర్ట్జ్‌కు పైన కూడా శబ్దం చేస్తుంది. మన చెవి అక్కడితో ఆగిపోతుంది. చేతిలో పట్టుకునే అల్ట్రాసౌండ్ పరికరాలు ఎక్కువగా 40 కిలోహెర్ట్జ్ దగ్గర విని, ఆ శబ్దాన్ని హెడ్‌ఫోన్‌లో వినిపించే స్థాయికి దించుతాయి. ఇంత పై శబ్దం దూరం పోదు, టార్చిలైటులా ఒక దిక్కుకే పోతుంది. కాబట్టి మిల్లుల హోరులోనూ లీకు ఎటుందో దూరం నుంచే తెలుస్తుంది.

కండెన్సర్ సంగతి వేరు. అక్కడ లోపల వాక్యూమ్. ట్యూబుకు బెజ్జం పడితే చల్లబరిచే నీళ్లు శుద్ధమైన నీటిలో కలిసి, ఆ లవణాలు బాయిలర్‌ను తినేస్తాయి. లీకైన ట్యూబును వెతకాలంటే వాటర్‌బాక్స్ ఖాళీ చేసి, మ్యాన్‌హోల్‌లోంచి దిగి, వేల ట్యూబుల మూతులకు నురగ పూసి చూడాలి. అల్ట్రాసౌండ్‌తో ఈ వెతుకులాట చాలా తగ్గుతుంది. కానీ మనిషి దిగడం పూర్తిగా తప్పదు. యంత్రం అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

మా ప్రశ్న అక్కడే. హెడ్‌ఫోన్ ఎవరి చెవులకు, మ్యాన్‌హోల్ ఎవరికి? యూనిట్ ఆపి రిపేర్లు చేసే రోజుల్లో బూడిద తీయడానికి, ట్యూబులు తోమడానికి దిగేది కాంట్రాక్టు కూలీలే. దళిత వాడల నుంచి, నిర్వాసిత ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను వాళ్లలో మేం చూస్తూనే ఉన్నాం. 2017 నవంబర్ 1న ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్ ఎన్టీపీసీలో బాయిలర్ ప్రమాదం జరిగి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలోనూ కాంట్రాక్టు కూలీలే ఎక్కువ. అది ట్యూబు లీకు కాదు, బాయిలర్‌లో బూడిద పేరుకుపోయిన వ్యవహారం. కానీ ప్రమాదానికి దగ్గరగా నిలబెట్టిన మనుషులు మాత్రం అదే వర్గం.

2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ప్రకారం విషవాయువులు ఉండగల మూసి ఉన్న చోటికి మనిషిని పంపాలంటే, అర్హుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉండేది. లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకు బెల్టు, దాని తాడు కొస బయట ఇంకొకరి చేతిలో ఉండాల్సి ఉండేది. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే మన పిల్లలు అప్రెంటిస్‌గా వెళ్లిన మొదటి రోజే అలాంటి కాగితం చూపించమని అడగొచ్చు. అల్ట్రాసౌండ్ పరికరం పట్టే శిక్షణ కాంట్రాక్టు కార్మికులకూ ఇవ్వమని యూనియన్లు అడగాలి.