పడవ వాలితే భయపడాలా?

జులైలో మా పాత హాస్టల్ రూమ్మేట్లు ఇద్దరు జర్మనీ నుంచి నన్ను చూడ్డానికి స్టాక్‌హోమ్ వచ్చారు. ఒకడిది భీమవరం, ఇంకొకడిది కర్నూలు. మొదటి రోజు మ్యూజియం, తర్వాత రెండు రోజులు సముద్రంలో సెయిలింగ్ అని ప్లాన్ వేసింది నేనే. ఆ వరసలో పెట్టడమే నేను చేసిన మొదటి తప్పు.

ఎందుకంటే ఆ మ్యూజియం వాసా ఓడది. 1628 ఆగస్టు 10న, రాజుగారి కొత్త యుద్ధనౌక, 64 ఫిరంగులతో స్టాక్‌హోమ్ రేవు నుంచి బయల్దేరింది. కిలోమీటరున్నర కూడా పోలేదు. ఒక గాలి విసురుకి పక్కకి వాలింది, తెరిచి ఉన్న కింది ఫిరంగి కిటికీల్లోంచి నీళ్ళు లోపలికొచ్చాయి, మునిగిపోయింది. 333 ఏళ్ళ తర్వాత, 1961లో పైకి తీస్తే దాదాపు మొత్తం చెక్కుచెదరకుండా ఉంది. బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ, చెక్కని తొలిచే నత్తజాతి పురుగు అక్కడ బతకదు. అదీ రహస్యం.

భీమవరం వాడు మాత్రం ఇంకో దగ్గర ఆగిపోయాడు. ఓడ బయల్దేరకముందే రేవులో ఒక పరీక్ష చేశారట. 30 మంది నావికులు డెక్ మీద ఈ పక్కనుంచి ఆ పక్కకి పరిగెత్తాలి. మూడుసార్లు పరిగెత్తేసరికి ఓడ ఊగిన తీరు చూసి, ఇంకోసారైతే ఇక్కడే పడిపోతుందని పరీక్ష ఆపించేశారు. పరీక్షనైతే ఆపారు, ఓడని ఆపలేదు.

"మామా, రేపు మనం ఎక్కే పడవకి ఈ పరీక్ష చేశారా?" అన్నాడు.

నవ్వాను. వాడు నవ్వలేదు. వాడి ఊరి చుట్టూ కాలవలే, చేపల చెరువులే. ఈత మాత్రం రాదు. రాత్రంతా యూట్యూబ్‌లో వాలిపోయే పడవలు చూస్తూ కూర్చున్నాడు. పొద్దున్నే "మీరిద్దరూ వెళ్ళి రండ్రా, నేను ఒడ్డున కూచుంటా" అన్నాడు. అంత దూరం నుంచి వచ్చినవాణ్ణి ఒడ్డున వదిలేసి ఎలా వెళ్తాం? అందుకే టిఫిన్ దగ్గర వాడికి చెప్పిన పాఠమే ఇక్కడా రాస్తున్నాను.

మెటాసెంటర్ అంటే మనకి ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో రెండు మార్కుల ప్రశ్న. నిర్వచనం రాసి, బొమ్మ గీసి, మర్చిపోతాం. అసలు విషయం తంజావూరు బొమ్మలో ఉంది. ఎంత తోసినా లేచి నిలబడుతుంది, ఎందుకంటే బరువంతా అడుగునే. సెయిల్ బోట్ కింద నీళ్ళలోకి దిగి ఉండే రెక్కలాంటి భాగాన్ని కీల్ అంటారు. సీసంతోనో పోత ఇనుముతోనో చేస్తారు. చాలా పడవల్లో మొత్తం బరువులో మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, అక్కడే ఉంటుంది. పడవ వాలేకొద్దీ ఆ బరువు ఎదురు పక్కకి జరిగి, వెనక్కి లాగే బలం పెరుగుతుంది. పైన తెరచాప కూడా వాలిపోతుంది కాబట్టి దానికి తగిలే గాలి తగ్గుతుంది. వాల్చే బలం తగ్గుతూ, నిలబెట్టే బలం పెరుగుతూ, ఒకచోట రెండూ సమానమవుతాయి. పడవ ఆ వాలులోనే హాయిగా పోతుంది. వాసాకి కూడా అడుగున రాళ్ళు వేశారు. కానీ పైన రెండు అంతస్తుల ఫిరంగులకీ ఎత్తు కట్టడానికీ అవి చాల్లేదు.

"అంటే వాలడం ఫెయిల్యూర్ కాదు, డిజైన్" అన్నాడు కర్నూలు వాడు. భీమవరం వాడు లైఫ్ జాకెట్ పట్టీ ఇంకో రంధ్రం బిగించాడు. కానీ వచ్చాడు.

పడవ మా ల్యాబ్ సీనియర్ వాళ్ళ నాన్నగారిది, తొమ్మిది మీటర్ల పాతది. నడిపేది ఆవిడే. వాక్స్‌హోమ్ దగ్గర ఎక్కి, తూర్పున గ్రిండా దీవి వైపు వెళ్ళాలి. గాలేమో తూర్పు నుంచే వస్తోంది. గాలికి ఎదురుగా గాలితోనే ఎలా పోతాం? సూటిగా పోలేం. గాలికి సుమారు 45 డిగ్రీల కోణంలో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి, వంకరటింకరగా పోతాం. తెరచాప విమానం రెక్కలా పనిచేసి పడవని ఎక్కువగా పక్కకి, కొంచెం ముందుకి లాగుతుంది. పక్కకి పోకుండా కీల్ నీళ్ళని పట్టుకుంటుంది. మిగిలింది ముందుకే. తడి పనసగింజని రెండు వేళ్ళ మధ్య నొక్కితే జర్రున జారుతుంది కదా, అలా.

ఇక నా రెండో తప్పు. తెరచాపని అదుపులో ఉంచే తాడుని షీట్ అంటారు (గుడ్డ కాదు, తాడే). అది నా చేతికిచ్చారు. చెయ్యి నొప్పెడుతోందని కొక్కేనికి నాలుగు చుట్లు చుట్టి, పైన ముడి కూడా బిగించేశాను. రెండు దీవుల సందులోకి రాగానే గాలి ఒక్కసారి విసిరింది. అప్పుడు షీట్ వదిలేస్తే చాలు, తెరచాప ఖాళీ అయిపోతుంది. కానీ నా ముడి ఊడదే! పడవ అంచు నీళ్ళలో మునిగింది. భీమవరం వాడు "అమ్మా" అని అరిచిన అరుపు ఇప్పటికీ గుర్తుంది. సీనియర్ చుక్కాని తోసి పడవ ముక్కుని గాలికి ఎదురుగా తిప్పింది. తెరచాప పటపటా కొట్టుకుంది, పడవ నిటారుగా లేచింది. అంతా కలిపి పది సెకన్లు ఉంటుందేమో.

ఆవిడ నన్ను తిట్టలేదు. లాగితే వెంటనే ఊడని ముడి ఈ తాడుకి ఎప్పుడూ వెయ్యొద్దని మాత్రం చెప్పింది. నాకు మొహం చెల్లలేదు. వాడికి టిఫిన్ దగ్గర చెప్పిన పాఠంలో కీల్ ఉంది గానీ, తాడు పట్టుకున్న మనిషి లేడు.

కాసేపటికి వాడే లేచొచ్చి, "షీట్ నాకివ్వరా, నువ్వు కట్టేస్తావు" అన్నాడు. సాయంత్రం దాకా ఇవ్వలేదు. ప్రతి విసురుకీ అరచేతుల్లో తాడు కొంచెం జార్చడం, మళ్ళీ లాగడం. గాలి వచ్చేముందు నీటి మీద నల్లటి మరక పరిగెడుతూ వస్తుందని మా అందరికంటే ముందు కనిపెట్టింది వాడే. భయపడేవాడు నీళ్ళని బాగా చూస్తాడనుకుంటా.

రాత్రికి ఒక చిన్న రాతి దీవి దగ్గర ఆగాం. వెనక లంగరు, ముందు ముక్కుకి తాడు కట్టి నేరుగా బండకి. విశాఖలో ఇలా కడితే ఆటుపోట్లకి తిప్పలే. ఇక్కడ ఆటుపోట్లు లేనట్టే లెక్క, కాబట్టి నడుస్తుంది. ఎవరినీ అడగక్కర్లేదు. ఎవరింటికీ మరీ దగ్గర కాకుండా, పక్షుల రక్షణ దీవి కాకుండా ఉంటే, ఒకటి రెండు రాత్రులు ఆగే హక్కు ఇక్కడ అందరికీ ఉంది. దాన్ని అల్లెమాన్స్‌రెట్టెన్ అంటారు. మంచుయుగంలో ఐసు బరువుకి అణిగిన ఈ నేల ఇప్పటికీ ఏడాదికి అర సెంటీమీటరు దాకా పైకి లేస్తూనే ఉందట. సీనియర్ తాతగారి కాలంలో పడవ పోయిన సందులు కొన్ని ఇప్పుడు లోతు చాలవు.

పది గంటలకి సూర్యుడు దిగుతుంటే బండ మీద కూర్చుని నూడుల్స్ తిన్నాం, ఆవకాయ కలుపుకుని. భీమవరం వాడు ఫోన్లో ఫొటోలు ఒక్కోటీ చూస్తున్నాడు. వాళ్ళమ్మకి పంపడానికి పడవ నిటారుగా ఉన్నది ఒక్కటైనా కావాలట. ఎంత వెతికినా దొరకలేదు.