పదవీ విరమణ

నంద్యాల జిల్లా జూపాడు బంగ్లా మండలంలోని పోతిరెడ్డిపాడు వద్ద శ్రీశైలం జలాశయపు నీటిని రాయలసీమ కాలువలకు మళ్లించే తలుపులున్నాయి. కాలువ ఉన్నచోట లస్కరు ఉంటాడు. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్లకు గండి పడకుండా కాచుకోవడం అతని కర్తవ్యాలు. ఏ తలుపు బిగుసుకొన్నదో, ఏ మలుపులో గట్టు పలుచబడినదో ముప్పై ఏళ్ల కొలువు అతనికి నేర్పుతుంది. ఆ విద్యను దస్త్రాలలో వ్రాసిపెట్టే ఆచారం మనకు లేదు. అతనికి విరమణ వయస్సు నిండిన నెలలో చివరి దినాన పూలదండ వేసి సాగనంపుతారు. మరునాటి నుండి ఆ తెలివితో కొలువుకు పని లేదు.

ఈ వయస్సును నిర్ణయించేది ప్రభుత్వం. ఆ నిర్ణయం ఎంత చంచలమైనదో మన రాష్ట్ర చరిత్రే చెబుతుంది. 1983 జనవరిలో అధికారానికి వచ్చిన నందమూరి తారక రామారావు ప్రభుత్వం, ఫిబ్రవరి 8న విరమణ వయస్సును 58 నుండి 55 ఏళ్లకు తగ్గించింది. అప్పటికే 55 దాటినవారు ఆ నెల 28వ తేదీ అపరాహ్ణానికల్లా వైదొలగవలసి వచ్చింది. ఇరవై రోజుల వ్యవధి! 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు ఆ నిర్ణయం వలన ఉద్యోగాలు విడిచారు. కుమార్తె పెండ్లి, కుమారుని చదువు ఇంకా మూడేళ్ల జీతంపై ఆధారపడి ఉన్న గృహస్థుల స్థితిని విద్యార్థులు ఊహించుకోవచ్చు. యువతకు అవకాశం కల్పించడం ఈ తగ్గింపు లక్ష్యాలలో ఒకటి. అదీ కాదనదగినది కాదు. 1984 ఆగస్టులో వయస్సు మళ్లీ 58కి చేరింది. తగ్గింపు చెల్లుతుందని 1985 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే 58 నిండకుండానే ఇండ్లకు పంపబడినవారిని తిరిగి కొలువులోకి తీసుకోవాలని అదే సంవత్సరం మరొక తీర్పులో ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయస్సు 2014లో 60కి, 2022 జనవరి నుండి 62కి పెరిగింది.

వయస్సు ఎంతైనా, వీడ్కోలు మాత్రం ఒక్క పూటలో ముగిసిపోతున్నది. మన ప్రాచీనులు దీనిని ఇట్లు భావించలేదు. భారతంలోని ఆశ్రమవాస పర్వాన్ని చూడండి. యుద్ధానంతరం ధృతరాష్ట్రుడు పదిహేనేళ్లు ధర్మరాజు పోషణలోనే ఉన్నాడు. అధికారం లేదు, గౌరవం ఉంది, భీముని మాటల పోటూ ఉంది. అడవికి బయలుదేరే ముందు ధర్మరాజుకు రాజనీతిని బోధించి, ప్రజలను పిలిపించి వారి అనుమతి కోరాడు. అతని దోషాలు ఎన్నైనా కావచ్చు, నిష్క్రమణం మాత్రం నేర్వదగినది.

పల్లెలోని రైతుకు ఆ పద్ధతి తెలియకుండానే అలవడింది. మొదట సేద్యపు బరువు కొడుకు చేతికి వెళుతుంది. విత్తనాల ఎంపిక, బేరసారాలు మరికొన్నేళ్లు తండ్రివద్దనే ఉంటాయి. తరువాత అవీ జారి, చేను కాపలా, మనుమల ఆలనా మిగులుతాయి. ఏ రోజున ఆయన విరమించాడో ఇంటివారు కూడా చెప్పలేరు. కొడుకుకు సందేహం వచ్చినప్పుడు అడిగేందుకు ఆయన అరుగుమీదనే ఉంటాడు.

భూమిలేని కూలీకి ఈ మెట్లేవీ లేవు. అప్పగించడానికి పొలం లేదు, సాగనంపేందుకు కార్యాలయం లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనికి రావడానికి 18 ఏళ్లు నిండాలన్నదే కాని, మానుకొనే వయస్సు చెప్పలేదు. 60 ఏళ్లు నిండి అర్హత పొందిన వృద్ధులకు రాష్ట్ర ప్రభుత్వం 2024 నుండి నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నది. అది మందులకు, ఉప్పుపప్పులకు ఆసరా. అయినా మిరప కోతల కాలంలో తెల్లవారుజామున కూలీలను ఎక్కించుకొని వెళ్లే ఆటోలలో, పింఛను అందుకొంటున్న అవ్వలు సద్ది మూటలతో కనిపిస్తూనే ఉంటారు. వయస్సులో ఉన్నవారితో సమానంగా కోయలేకపోతే తక్కువ కూలికైనా ఒప్పుకొని వెళతారు.