అవరోధాల పరుగు – అడుగుల లెక్క

పరుగు పందెమనగానే మన విద్యార్థుల దృష్టి నూరు మీటర్ల మీదికే పోతుంది. ఆ పరుగుకు అవరోధాలను చేర్చిన హర్డిల్స్ పందెంతో మనకు పరిచయం తక్కువ. ఉర్దూలో దీనిని ‘రుకావటోఁ కీ దౌడ్’ అంటారు. ఎత్తుగా ఎగరగలిగిన పొడగరులకు మాత్రమే ఇది సాధ్యమన్న అభిప్రాయం మనలో పలువురికి ఉన్నది. అది ఎంతవరకు నిజమో పరిశీలిద్దాము.

ఆరుబయట పురుషుల హర్డిల్స్ దూరం 110 మీటర్లు, అవరోధాలు 10. ప్రపంచ ఇండోర్ పోటీలు పైకప్పుగల మందిరంలో జరుగుతాయి. అక్కడ తిన్నని బాట పొడవు పరిమితం కనుక దూరం 60 మీటర్లకు, హర్డిల్స్ అయిదుకు తగ్గుతాయి. ఎత్తు మాత్రం తగ్గదు, అదే 1.067 మీటర్లు, అనగా మూడున్నర అడుగులు. బయలుదేరే గీత నుండి మొదటి హర్డిల్‌కు 13.72 మీటర్లు, ఒకదానికొకటి 9.14 మీటర్లు, చివరిదాని నుండి గమ్యానికి 9.72 మీటర్లు.

ఈ పందెంలోని కీలకమంతా ఈ కొలతలలోనే ఇమిడి ఉన్నది. మొదటి హర్డిల్ వరకు ఏడెనిమిది అడుగులు, ఆపైన ప్రతి రెండింటి నడుమ మూడే అడుగులు. మూడు అడుగులు వేసినవాడు ప్రతిసారీ ఒకే కాలిని ముందుకు చాపుతాడు. నాలుగు వేస్తే కాలు మారుతుంది, లయ చెడుతుంది. గాలిలో ఉన్నంతసేపు వేగం పెరగదు. పాదం నేలను నెట్టినప్పుడే పెరుగుతుంది. కనుక అవసరానికి మించి పైకి ఎగిరినవాడు కాలాన్ని కోల్పోతాడు. 2024 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన గ్రాంట్ హాలోవే ఈ అయిదు హర్డిల్స్‌ను దాటి 7.27 సెకన్లలో ప్రపంచ రికార్డు స్థాపించాడు.

దివిసీమలో పంట బోదెను దూకే యువకుణ్ణి తలచుకోండి. ఆవలి గట్టుపై నిలదొక్కుకోవడంతో అతని పని ముగుస్తుంది. హర్డిల్స్ క్రీడాకారునికి పాదం నేల తాకిన క్షణమే తరువాతి పరుగుకు ఆరంభం. అందుచేత ఇది గెంతుట కాదు, పరుగే.

హర్డిల్ పడిపోయినంత మాత్రాన క్రీడాకారుడు అనర్హుడు కాడు. చేతితోనో, శరీరంతోనో, ముందుకాలి పైభాగంతోనో పడగొడితే నేరం. అయితే తగిలిన ప్రతిసారీ వేగం తగ్గుతుంది. ఆరుబయట వెనుకగాలి సెకనుకు 2 మీటర్లు మించితే రికార్డు చెల్లదు. బందరు సముద్రపు గాలి ఎరిగిన మనకు ఈ నియమంలోని న్యాయం సులభంగా బోధపడుతుంది. మందిరంలో గాలి సహాయమూ లేదు, ఆటంకమూ లేదు.

ఇది పాశ్చాత్యుల సొత్తన్న భ్రమను చైనాకు చెందిన ల్యూ షాంగ్ తొలగించాడు. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లోను, 2008లో వలెన్సియా ప్రపంచ ఇండోర్ పోటీలలోను అతడు స్వర్ణం సాధించాడు. అంతకు పూర్వమే, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో మన గురుబచన్ సింగ్ రంధావా 110 మీటర్ల హర్డిల్స్‌లో అయిదవ స్థానం పొందాడు. ఇక తెలుగువారికి గర్వకారణం విశాఖపట్నం బిడ్డ జ్యోతి యర్రాజి. మహిళల హర్డిల్ ఎత్తు 0.838 మీటర్లు, నడుమ దూరం 8.50 మీటర్లు, మూడడుగుల సూత్రం మాత్రం ఒక్కటే. 2023లో అస్తానాలో జరిగిన ఆసియా ఇండోర్ పోటీలలో ఆమె 60 మీటర్లను 8.13 సెకన్లలో ముగించి రజతం గెలిచింది. మరుసటి యేట టెహ్రాన్‌లో 8.12 సెకన్లతో స్వర్ణం గెలిచింది. సెకనులో నూరవ వంతును తగ్గించుకొనుటకు ఎంత సాధన కావాలో విద్యార్థులు గ్రహింతురు గాక.

మన డెల్టా నల్లరేగడి వానకాలంలో కాలికి అంటుకుంటుంది, వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. అటువంటి నేలపై మూడడుగుల లయ కుదరదు. అయినా ఇండోర్ మందిరం కోసం ఎదురుచూడనక్కరలేదు. ఇసుక, గ్రావెల్ పోసి చదును చేసిన అరవై మీటర్ల బాట, ఎత్తు మార్చుకొనదగిన అయిదు హర్డిల్స్, ఫిజికల్ డైరెక్టరు పర్యవేక్షణ ఉంటే ఆరంభానికి చాలు. మొదట ఎత్తును, నడుమ దూరాన్ని తగ్గించి లయ నేర్పవలెను. తగిలితే ముందుకు పడిపోయే హర్డిల్స్‌నే వాడవలెను. బల్లలను అడ్డుపెట్టి దూకించుట ప్రమాదకరం. కళాశాల పాలకవర్గం వారు ఈ స్వల్ప సౌకర్యాన్ని కల్పింతురని ఆశిస్తున్నాము. అవరోధం ఎత్తును చూచి వెనుకాడక, దానికి ముందున్న మూడడుగులను సరిగా వేయుట నేర్చుకొమ్మని విద్యార్థులను కోరుతున్నాము.