వదిలేది లీటరున్నరే!

ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కిడ్నీ మాట వస్తే ల్యాబు రిపోర్టులో ముందు వెతికేది క్రియాటినిన్ అంకెనే. ఆ అంకెకూ మన భీమవరానికీ చుట్టరికం ఉంది. అది తెలియాలంటే మూత్రం ఎలా తయారవుతుందో చూడాలి.

కిడ్నీ అంటే జల్లెడ అనేస్తాం. జల్లించడం అందులో తేలికైన పని. గుండె పంపే రక్తంలో ఐదో వంతు ఈ రెండు కిడ్నీలకే వెళ్తుంది. ఒక్కోదాంట్లో సుమారు 10 లక్షల నెఫ్రాన్లనే వడపోత గొట్టాలు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తనాళాల ఉండ ఒకటుంటుంది. రక్తపు ఒత్తిడికి నీరు, ఉప్పు, చక్కెర, యూరియా అందులోంచి బయటికి దిగుతాయి. రక్తకణాలు, పెద్ద ప్రొటీన్లు దిగవు. ఇలా దిగే నీరు రోజుకు 180 లీటర్లు. మరి ఒంట్లో ఉన్న ప్లాస్మా? మూడు లీటర్లు! దిగింది దిగినట్టే పోతే అరగంట తిరక్కుండా ప్లాస్మా అంతా ఖాళీ.

చివరికి మూత్రంగా వదిలేది లీటరున్నరే. అందుకే అసలు పనంతా వెనక్కి లాక్కోవడంలో ఉంది. నెఫ్రాన్‌లోని నాళిక మొదటి మెలికల్లోనే మూడింట రెండొంతుల నీరు, ఉప్పు రక్తంలోకి తిరిగొచ్చేస్తాయి. చక్కెర దాదాపు మొత్తం వస్తుంది. రక్తంలో షుగరు 180 దాటితే మాత్రం లాగే శక్తి చాలక మూత్రంలో పడుతుంది. రోహిణి కార్తె ఎండలో చెరువులో మేత సంచులు కట్టే కూలీకి చెమట కారిపోతుంటే, మెదడు నుంచి హార్మోను వస్తుంది. కిడ్నీ మిగిలిన నీటినీ పిండుకుంటుంది. మూత్రం తగ్గి పచ్చబడుతుంది.

అదే చెరువులో శీలావతి చేపది తలకిందుల సంసారం. దాని రక్తంలో ఉన్నంత ఉప్పు చుట్టూ నీటిలో లేదు. కనుక మొప్పల గుండా నీరు దానంతటదే లోపలికి చొరబడుతుంది. దాని కిడ్నీ ఉప్పును దాచుకుని నీళ్లను ధారాళంగా వదిలేస్తుంది. మనలో అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చి కిడ్నీకి అప్పగిస్తుంది. చేప మాత్రం అమ్మోనియాను చాలావరకు మొప్పల నుంచే నేరుగా నీటిలోకి వదిలేస్తుంది. చెరువు రైతుకు అమ్మోనియా బెంగ అందుకే. నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ పెరిగితే అది మరింత విషం.

మళ్లీ మన కిడ్నీ దగ్గరికి వస్తే, ఇంత నీటిని వెనక్కి లాగడం ఊరికే జరగదు. నాళిక గోడల్లో సోడియం పంపులు రాత్రీపగలూ తిరుగుతూనే ఉండాలి. వాటికి ఇంధనం ఏటీపీ. 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరాల్లో దాన్ని గుర్తించి 1929లో ప్రకటించారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనిపెట్టారు. అంతకు రెండేళ్ల ముందే, 1927లో, ఫిస్కే-సుబ్బారావులు కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించారు. క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ కొద్దికొద్దిగా విరిగి పుట్టేదే రిపోర్టులోని క్రియాటినిన్!

నాళిక దీన్ని వెనక్కి తీసుకోదు. వడపోత మందగిస్తే రక్తంలోనే పోగుపడుతుంది. కానీ దాని పుట్టిల్లు కండ కాబట్టి ఒకే అంకె అందరికీ ఒకే అర్థం చెప్పదు. కండలు తిరిగిన పాతికేళ్ల కుర్రాడికి 1.2 ఉంటే మామూలే కావచ్చు. చిక్కిపోయిన 70 ఏళ్ల మామ్మగారికి అదే 1.2 వస్తే వడపోత సగానికి పడిపోయి ఉండొచ్చు. అందుకే వయసు, ఆడా మగా లెక్కలోకి తీసుకుని కట్టే ఈజీఎఫ్ఆర్ (వడపోత వేగం అంచనా) అంకెను కూడా డాక్టర్లు చూస్తారు.